పంపు గాలి పీల్చింది

ఆగస్టు మధ్యాహ్నం. కాలిపోతున్న రేకుల షెడ్డులో బెల్మీరా వెల్లకిలా పడుకుని జెట్ స్కీ కిందికి తల దూర్చింది. పొద్దున్నుంచి ఇది మూడో బండి. మొదటి రెంటివీ మామూలు రోగాలే, ఒకదానికి నీళ్లు పీల్చుకునే జాలీలో తాడు చుట్టుకుంది, ఇంకోదానికి బ్యాటరీ చచ్చింది. ఈ మూడోదాన్ని మాత్రం నిన్న సాయంత్రం నది సముద్రంలో కలిసే మొగ దగ్గర రాళ్ల మీంచి ఈడ్చుకొచ్చారు. ఏం చెడిందో నాలుగు గంటలకల్లా రేవు పోలీసులకు కాగితం రాసివ్వాలి. ఆ కాగితం మీద ఒక మనిషి బతుకు ఆధారపడి ఉంది.

ఆ మనిషి అదేరితు. కేప్ వెర్దె దీవుల నుంచి వచ్చి ఐదేళ్లుగా ఈ ఒడ్డున బండ్లు నీళ్లలోకి తోస్తాడు, పర్యాటకుల్ని ఎక్కిస్తాడు, పడిపోయినవాళ్లను వెతికి తెస్తాడు. నిన్న మొగలో పడిపోయిన ఒక డచ్చి పిల్లను వెనక ఎక్కించుకుని వస్తుంటే ఇంజను గోల పెట్టిందే గానీ బండి కదల్లేదు. ప్రవాహం ఇద్దర్నీ రాళ్లకట్టకేసి కొట్టింది. పిల్ల కాలు రెండు చోట్ల విరిగింది.

"లోతు లేని చోట స్టార్ట్ చేశాడు, పంపు రాయి మింగింది. ఇంకేముంటుంది? అలాగే రాసెయ్" అని యజమాని వల్దెమార్ పొద్దున్నే చెప్పి వెళ్లాడు.

నడుం లోతు లేనిదే స్టార్ట్ చెయ్యకూడదని బోర్డు మీద ఎర్ర అక్షరాలతో రాయించింది ఆయనే. ఆగస్టు వచ్చిందంటే మోకాలి లోతులోనే స్టార్ట్ చెయ్యమని ఒడ్డున నిలబడి అరిచేదీ ఆయనే. వరసలో నిలబడ్డవాళ్లకు ఆలస్యమైతే పక్క ఒడ్డుకు పోతారు. ఆ బోర్డు పెట్టింది ఇలాంటి రోజు కోసమే, పనివాడి మీదికి వేలు చూపించడానికి.

రాయి మింగి ఉంటే పంపే చెబుతుంది. బెల్మీరా జాలీ చూసింది, శుభ్రంగా ఉంది. లైటు వేసి లోపలి పంకా రెక్కల అంచులు వేలితో తడిమింది. ఇసుక గీతలు ఉన్నాయి గానీ పెద్ద గాటు ఒక్కటీ లేదు. పంకాకీ దాని చుట్టూ ఉన్న రింగుకీ మధ్య సన్నని రేకు దూర్చి సందు కొలిచింది. ఉండాల్సినంతే ఉంది. రాయి మాట అబద్ధం.

మరి ఇంజను తిరుగుతూ బండి ఎందుకు కదల్లేదు? నీళ్లతో పాటు గాలి పీలిస్తే అలాగే చేస్తుంది. పంకా నురగలో తిరుగుతుంది, ముందుకు తోసే బలం ఉండదు. ఆమె పంపులోకి నీళ్లు పోయే సొరంగం రెండు మూతులూ గుడ్డలతో బిగించి, కొంచెం వదిలిన సందులోంచి బకెట్టు నీళ్లు పోసింది. కిందికి వంగి చూసింది. పంపు బండి ఒంటికి అతుక్కునే చోట, ఎడమ పక్కన, ధారగా కారుతోంది. అక్కడ తెల్లటి సిలికాన్ పెచ్చులా లేచిపోయింది.

బాత్రూం పలకల సందుల్లో పూసే సిలికాన్. నాలుగు యూరోల ట్యూబు. జూన్‌లో ఆమే పూసింది.

పడవలకు వాడే అసలు జిగురు కావాలని అప్పుడు రెండుసార్లు అడిగింది. "వారం రోజులకు దీంతో లాగించవమ్మా" అని వల్దెమార్ ఈ ట్యూబు విసిరాడు. వారమేగా అనుకుంది. ఒక్కరే కూర్చుంటే బండి బాగానే పోయింది. తర్వాత పని మీద పని పడి ఆమె మర్చిపోయింది. ఇద్దరి బరువు పడేసరికి అది ఊడింది. బెల్మీరా తన చేతికేసి చూసుకుంది. ముప్పై ఏళ్లు చేపల పడవల ఇంజన్లు బాగుచేసిన చెయ్యి ఇది.

అదేరితు గుమ్మంలో నిలబడ్డాడు. రెండు అరచేతులకూ కట్లు.

"రాయేనా, అక్కా?"

"నువ్వు ఇంటికి పోరా."

"మోకాలి లోతులోనే స్టార్ట్ చేశా. ఆ పిల్ల అరుపులు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. నా తప్పేగా? అలాగే రాసెయ్. కాకపోతే పని పోతే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు పోతుంది, అక్టోబరులో నన్ను పంపించేస్తారు. అంతే."

ఆమె నోరు తెరిచేలోగా వల్దెమార్ కాగితం పట్టుకుని వచ్చాడు. కారుతున్న నీళ్లు చూశాడు, సిలికాన్ చూశాడు. తర్వాత నెమ్మదిగా బల్ల మీది గోకుడు కత్తి తీసుకున్నాడు.

"ఇది గోకేస్తే పోతుంది. రాయి మింగిందని రాసి సంతకం పెట్టు."

"ముట్టుకోకండి."

"ఓహో, నిజం రాస్తావా? రాసుకో మరి. పూసిన చెయ్యి ఎవరిదమ్మా? నాదా? నిన్ను మళ్లీ ఏ రేవులోనైనా ఇంజను మీద చెయ్యి వెయ్యనిస్తారా? నీ మేలు కోరే చెబుతున్నా."

"కొన్న చెయ్యి మీది. రెండూ రాస్తా."

"పిచ్చిదానా, వాడి కోసం కూడు పోగొట్టుకుంటావా?"

"వాడి కోసం కాదు. ఆ కాలు నా పని వల్ల విరిగింది."

అదేరితు గుమ్మం వదిలి లోపలికొచ్చాడు.

"నువ్వా అక్కా?"

"నేనేరా."

"నిన్నటి నుంచి నా తప్పేనని నన్ను నేను చంపుకుంటున్నా."

వల్దెమార్ కత్తి పట్టుకుని ముందుకొచ్చాడు. బెల్మీరా పంపుకి అడ్డంగా నేల మీద కూర్చుని వీపు ఆనించింది. కారే నీళ్లకు చొక్కా తడిసిపోయింది. కాగితం మోకాలి మీద పెట్టుకుని మొదటి వరసలో సిలికాన్ పూసింది తనేనని తన పేరు రాసింది.

"రేవు పోలీసులకు ఫోన్ చెయ్యరా. వాళ్లు వచ్చి చూసేదాకా నేను లేవను."

కట్టు కట్టిన చేత్తో అదేరితు ఫోన్ తీశాడు. నంబరు నొక్కాడు. కానీ ఆమె వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి మాట్లాడాడు, మాట్లాడటం అయిపోయాక కూడా అటే తిరిగి ఉన్నాడు.