ఉల్లిపాయల లెక్క

నేను ఒక చెక్క స్కేలును. సామర్లకోటలో ఊరి చివర చెత్తకుప్ప మీద, కొబ్బరి డొక్కలకీ తెగిన చెప్పులకీ మధ్య రెండు ముక్కలై పడి ఉన్నాను. సగం అంకెలు ఒక ముక్క మీద, మిగతావి రెండో ముక్క మీద. విరిగినందుకు నాకు బాధ లేదు. ఇంకా ముందే విరగలేదే అన్నదే నా బాధ.

పుట్టింది వడ్రంగి షెడ్డులో. ఎవరి ఇంటి గుమ్మానికో కోసిన టేకులో మిగిలిన బద్దను పారెయ్యడానికి మనసొప్పక, వడ్రంగి చిత్రిక పట్టి, గీతలు పెట్టి, బాజీ టైలర్‌కి ఇచ్చాడు. బాజీ చేతిలో నేను దర్జాగా బతికాను. సుద్దముక్క నా పక్కన ఒరుసుకుంటూ వెళ్తే గుడ్డ మీద తిన్నని గీత పడేది. ఎన్ని పెళ్లి జాకెట్లు, ఎన్ని బడి నిక్కర్లు! పిల్లల బట్టలకి మాత్రం బాజీ ఎప్పుడూ కొలత కంటే కాస్త ఎక్కువే పెట్టేవాడు. "పెరిగే పిల్లలండీ, వదులుండాలి" అనేవాడు. ఆ మాట మా ఊళ్లో ఒక్క బట్టల విషయంలోనే చెల్లింది.

రెడీమేడ్ దుస్తులొచ్చి బాజీ కొట్టు మూతపడినప్పుడు పక్కనున్న జిరాక్సు కొట్టు సూరిబాబు నన్ను అడిగి తీసుకున్నాడు. "మా చైత్ర ఒకటో తరగతిలో చేరింది బాజీగారూ, గీతలు గీసుకోడానికి పనికొస్తది" అన్నాడు. చిన్నపిల్ల చేతిలోకి పోతున్నానని నేను మురిసిపోయాను.

సూరిబాబు చెడ్డవాడు కాడు. కూతురంటే ప్రాణం. పిల్లకి ఒళ్లు వెచ్చబడితే కొట్టు కట్టేసి పక్కనే కూర్చునేవాడు. కానీ అతను లెక్కల్లో తప్పి, పదో తరగతి గట్టెక్కలేకపోయాడు. రోజంతా పరాయి పిల్లల మార్కుల కాగితాలు జిరాక్సు తీస్తూ, ఒక్కొక్కటీ చదివి నిట్టూర్చేవాడు. వచ్చే ఏడాది చైత్రను పెద్ద బళ్లో వెయ్యాలి, అక్కడ చేర్చుకునే ముందు పరీక్ష పెడతారు. అందుకని సాయంత్రం ఇంటికొచ్చి, లుంగీ చుట్టుకుని, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. వందలోపు అంకెలు ముందుకీ వెనక్కీ చెప్పాలి, ఎక్కాలు అప్పజెప్పాలి. మొదట్లో అతను నన్ను నేల మీద టకటకలాడించేవాడు. తర్వాత బల్ల మీద. ఆ తర్వాత అరచేతి మీద. నేల మీంచి అరచేతిలోకి ఏ రోజున వచ్చానో నాకు గుర్తులేదు. సూరిబాబుకీ గుర్తుండదు.

"మా మేస్టారు ఇలా తగిలించబట్టేనే నాకీపాటి వచ్చింది" అనేవాడు, భార్య సత్యవేణి అడ్డొస్తే. ఈపాటి అంటే ఏపాటో ఆవిడ అడిగేది కాదు. కొట్టాక తనే కొబ్బరినూనె రాసి, చాక్లెట్ చేతిలో పెట్టేవాడు. పిల్ల దాన్ని విప్పకుండా తమ్ముడికి ఇచ్చేసేది.

చైత్ర మొదట్లో బాగానే చెప్పేది. నాన్న గొంతు పెరిగితే ఒక అంకె మర్చిపోయేది. మర్చిపోయినందుకు దెబ్బ పడితే ఇంకో నాలుగు మర్చిపోయేది. కొన్నాళ్లకి గేటు చప్పుడైతే చాలు, నోరు మూతపడిపోయేది. "బళ్లో ఏం చేశావమ్మా?" అని అతను ముద్దుగా అడిగినా పలికేది కాదు. పోతున్నవి లెక్కలు కావు, ఆ తండ్రికీ కూతురికీ మధ్య ఉన్న మాట. అది నాకు తెలుస్తూనే ఉంది. చెబుదామంటే నాకు నోరేదీ?

సువార్తమ్మ టీచర్ తల్లిదండ్రుల్ని పిలిచిన రోజు నేను చైత్ర సంచీలోనే ఉన్నాను.

"చైత్ర బళ్లో గలగలా మాట్లాడుద్దండీ. మీ పేరెత్తితేనే ముడుచుకుపోతది" అంది టీచర్. "ఒకటో తరగతి పిల్లకి అప్పుడే ఎక్కాలెందుకండీ? ఇంట్లో ఉల్లిపాయలో, చింతగింజలో ఇచ్చి లెక్కపెట్టించండి. ఆడుకుంటానే నేర్చుకుంటది. అన్నం తినేటప్పుడు ఓ కథ చెప్పి, మళ్లీ తనచేత చెప్పించుకోండి. తప్పు చెప్పినా వినండి. నాన్న వింటున్నాడని తెలిస్తే చాలండీ, మిగతాది నేను చూసుకుంటాను."

సూరిబాబు బుద్ధిగా తలూపాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రమే ఉల్లిపాయల బుట్ట తెప్పించి చాప మీద గుమ్మరించాడు. చైత్ర మొహం విప్పారింది. ఒక ఉల్లిపాయను తమ్ముడి వైపు దొర్లించింది కూడా.

"ఆటలొద్దు. ఇటు ఏడు, అటు అయిదు. మొత్తం ఎన్ని?"

నేను అప్పటికే అతని చేతిలో ఉన్నాను. ఉల్లిపాయలు పెట్టమంది గానీ, స్కేలు పక్కన పెట్టమని టీచర్ విడిగా చెప్పలేదు కదా! చైత్ర ఉల్లిపాయల్ని చూడలేదు, నన్నే చూస్తూ లెక్కపెట్టింది. పదకొండంది. ఆ రోజు నుంచి కూరలో ఉల్లిపాయ ముక్క కనపడితే కంచం అంచుకు నెట్టేసేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం సత్యవేణి మేడ మీద బట్టలు ఆరేస్తోంది. చైత్ర వంటింట్లోంచి ఉల్లిపాయలు తెచ్చి చాప మీద పేర్చింది. మూడేళ్ల తమ్ముడు బన్నీని ఎదురుగా కూర్చోబెట్టి, నన్ను చేతిలోకి తీసుకుంది.

"ఇటు ఏడు, అటు అయిదు. మొత్తం పన్నెండు. అందులోంచి నాలుగు తీసేస్తే ఎనిమిది."

ఎక్కడా తడబాటు లేదు. ఉల్లిపాయలయ్యాక వంద నుంచి వెనక్కి అందుకుంది. గేటు తెరిచే ఉండటంతో చప్పుడు లేకుండా అప్పుడే భోజనానికొచ్చిన సూరిబాబు గుమ్మం బయట ఆగిపోయాడు. ఓరగా వేసిన తలుపు సందులోంచి అతని మొహం నాకు కనపడింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇన్నాళ్లకి తన కష్టం ఫలించిందనుకున్నాడు పాపం.

"ఇప్పుడు నువ్వు చెప్పు. ఎన్ని?" అంది చైత్ర తమ్ముణ్ణి.

బన్నీ ఉల్లిపాయకి ముద్దు పెట్టి నవ్వాడు.

"ఏంట్రా ఆ నవ్వు? తిండి దండగ. నీకు చెప్పడం గోదాట్లో పోసినట్టే. చాపు చెయ్యి."

గొంతు సన్నదే. ఆ మాటలు, ఆ విరుపు, చివర్లో పళ్లు కొరకడం అచ్చం సూరిబాబువి. నేను గాల్లోకి లేచి, ఆ పసివాడి అరచేతి మీద పడ్డాను. వాడు ఏడుపు మొదలుపెట్టడానికి కూడా కాసేపు పట్టింది, అక్క తనను ఎందుకు కొట్టిందో అర్థం కాక.

పిల్లలకి ఏమీ రావడం లేదని బెంగపడే పెద్దవాళ్లను చూస్తే నాకిప్పుడు నవ్వూ రాదు, కోపమూ రాదు. పిల్లలకి అన్నీ వస్తాయి. మనం నేర్పుతున్నామని మనకే తెలియనివి ముందొస్తాయి.

సూరిబాబు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. చైత్ర అతన్ని చూసింది. పారిపోలేదు, నన్ను దాచనూ లేదు. నన్ను రెండు చేతులా అతనికి అందించి, కుడి అరచెయ్యి చాపి, కళ్లు గట్టిగా మూసుకుంది.

అతను నన్ను మోకాలికేసి విరిచాడు. నేరమంతా నాదే అన్నట్టు విరిచి, మూలనున్న చెత్తబుట్టలోకి విసిరికొట్టాడు. తర్వాత పిల్ల ముందు కూలబడిపోయాడు.

"చెయ్యి దించమ్మా. ఇంకెప్పుడూ కొట్టను. నీకు దణ్ణం పెడతాను, చెయ్యి దించు తల్లీ."

ఆ పిల్ల చెయ్యి దించలేదు. కళ్లూ తెరవలేదు. చెక్క విరిగిన చప్పుడు మాత్రం వింది. బుట్టలోంచి నేను చూస్తుండగానే, ఎన్నో నెలల తర్వాత, తనంతట తాను నాన్నతో మాట్లాడింది.

"నా బాక్సులో ప్లాస్టిక్ స్కేలుంది. తేనా నాన్నా?"