విప్పని సబ్బు

బావమరిది జేబులో ఆ సబ్బు మూడు రోజులుగా ఉంది. కాగితం కూడా విప్పలేదు. శనివారం సాయంత్రం వేన్నీళ్లు కాచుకుని, తీరిగ్గా ఒళ్లంతా రుద్దుకోవాలని వాడి ఆశ. పని మధ్యలో తీసి వాసన చూసి, మళ్లీ జేబులో పెట్టుకుంటాడు.

"వాడతావా, పెంచుకుంటావా?" అన్నాడు బావ.

"విప్పితే అరిగిపోతుంది బావా. విప్పనన్నాళ్లూ నిండుగా నాదే."

బావకి ఈ లెక్క ఎక్కదు. తవ్వమంటే తవ్వుతాడు, పెట్టింది తింటాడు, పడుకుంటాడు. నోట్లోంచి మాట రావాలంటే గడ్డపార పెట్టి పెకలించాలని ఇంట్లో ఆడవాళ్లు నవ్వుతారు.

ఆ శనివారం మధ్యాహ్నానికి ఇద్దరూ తవ్వుతున్న పైపు గోతిలో రెండు మూరల పని మిగిలింది. నిలువున్నర లోతు గొయ్యి. గోడలు విరిగి పడకుండా రెండు పక్కలా పలకలు ఆనించి, మధ్యలో అడ్డకర్రలు బిగించి ఉన్నాయి. పని అంతా అయ్యాకే వాటిని పీకాలి. వీళ్లిద్దరూ మాత్రం చివరి ముక్క ఉండగానే వెనకవి పీకేసేవాళ్లు, గంట కలిసొస్తుందని. పదేళ్లుగా ఏమీ కాలేదు. ఆ రోజు పీకమన్నది బావే. కానీరా, నీ వేన్నీళ్లు చల్లారిపోతాయి అని వెక్కిరించిందీ ఆయనే.

గోతిలోంచి బావమరిది ఎత్తిన మూడో పలక పైనున్న బావ చేతికి అందిందో లేదో, గోడ చప్పుడు లేకుండా జారింది. దుమ్ము తగ్గేసరికి బావమరిది గుండెల దాకా మట్టిలో ఉన్నాడు.

బావ దూకబోతే మేస్త్రీ నడుం పట్టుకుని ఆపాడు. దూకితే రెండో గోడా వస్తుందన్నాడు. వాణ్ని పట్టి లాగితే నడుం విరుగుతుందన్నాడు. ఫైరింజన్ వాళ్లకి ఫోను చేశాడు, అరగంట పడుతుందన్నారు. అందాకా వాణ్ని కళ్లు మూయనివ్వకు, మాట్లాడించు అని చెప్పి పలకలు తేవడానికి పరిగెత్తాడు.

బావ గట్టు మీద పలక వేసుకుని బోర్లా పడుకున్నాడు. కింద ఆ మొహం బూడిదరంగులో ఉంది. పెదాలు నల్లబడుతున్నాయి.

"ఒరే" అన్నాడు బావ. ఆ తర్వాత ఏమనాలో తోచలేదు. కనురెప్పలు వాలుతున్నాయి.

"ఒరే, సాయంత్రమైంది. నీళ్లు కాగాయి. సబ్బు విప్పావు."

రెప్పలు ఇంకా కిందికి వాలాయి.

"స్నానమైంది. తడి ఒంటితో తువ్వాలు వెతుక్కుంటున్నావు."

పెదాలు కదిలాయి. "తువ్వాలు... ముందే తలుపు మీద వేస్తా."

బావకి దారి దొరికింది. ఇక వరసగా తప్పులు చెప్పడం మొదలుపెట్టాడు. సబ్బు ముందు తలకి పెడతావు అంటే, కాదు చేతులకి అన్నాడు వాడు. చన్నీళ్లు కలుపుతావు అంటే, కలపనన్నాడు. ఒక్కో తప్పుకీ కళ్లు తెరుస్తున్నాడు. ఒక్కోసారి జవాబు రావడానికి పది ఊపిరులు పట్టేది. ఆ పదీ బావ బిగబట్టేవాడు.

చివరికి తప్పులు అయిపోయాయి. రోడ్డు మీద బండి చప్పుడు ఇంకా లేదు.

"స్నానం కాగానే పడుకుంటావు."

"కాదు... మెట్ల మీద కూర్చుంటా. గాలికి."

"ఒక్కడివేనా?"

"నువ్వు రావుగా."

బావ పలక మీద ఇంకాస్త ముందుకి జరిగాడు. "వస్తాను. కాస్త జరిగి చోటివ్వు" అన్నాడు.

అప్పుడు బండి వచ్చింది. పలకలు ఆనించి, చేతులతో, చిన్న తట్టలతో మట్టి తీశారు. రెండు గంటలు పట్టింది. కాలు రెండు చోట్ల విరిగింది, మనిషి దక్కాడు.

ఆరు వారాలు కట్టు, ఒంటి మీద నీళ్లు పోయకూడదన్నాడు డాక్టరు. ఆ మాట చెప్పడానికి బావకి నోరు రాలేదు. మంచం పక్కన నిలబడి, గోళ్లలో మట్టి గీక్కుంటూ, చివరికి చెప్పేశాడు.

బావమరిది మట్టి చొక్కా అడిగి తీసుకుని జేబు తడిమాడు. సబ్బు ఓ మూల నలిగింది, కాగితం చిరగలేదు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"ఆరు శనివారాలా బావా" అన్నాడు. మొహం మెల్లగా విచ్చుకుంది.

"ఏదీ, ఇలా ఇవ్వు." బావ కాగితం మీంచే వాసన చూశాడు. కాసేపు తిరిగివ్వలేదు. "కట్టు తీశాక పొద్దున్నే నీళ్లు కాస్తాను" అన్నాడు.

"పొద్దున్న కాదు బావా, సాయంత్రం."

ఈసారి ఆ తప్పు బావ కావాలని చెప్పింది కాదు, సాయంత్రం దాకా ఆగలేక అన్నది.