మోకాలి లోతులో లంగరు

ఆ రోజంతా మా పడవ లంగరు వేసుకుని ఉందని ప్రయాణ పుస్తకంలో రాయమన్నాడు మామయ్య. లంగరు వేసిన మాట నిజమే. కాకపోతే పడవ ముందు బురదలో కూర్చుంది, లంగరు తరవాత వేశాం.

మామయ్య సరంగు. తెరచాప పడవలో ఇంటి పెంకులు వేసుకుని నదిలో ఎగువకు వెళ్తుంటాడు. అత్తయ్య చుక్కాని పడుతుంది, వంట చేస్తుంది. రెండూ ఒకేసారి చేయవలసి వస్తే వంట మాడుతుంది. మా రెండు కుటుంబాల్లోనూ కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి పడవలో నా పేరు డిగ్రీ. ప్రయాణ పుస్తకం రాయడం, పడవ ముందు కొసన నిలబడి గడతో నీటి లోతు చూసి చెప్పడం నా పనులు.

తప్పు ఆ గడ దగ్గరే జరిగింది. పాత గడ మీద మామయ్య కత్తితో పెట్టిన గాట్లుండేవి. ఆయన లెక్కంతా నిలువుల్లో. ఒక మనిషి మునిగేంత లోతు ఒక నిలువు. బయల్దేరే ముందు నేను కొత్త గడ చేయించి, ఎరుపూ తెలుపూ రంగులు వేసి, మీటర్లు గుర్తుపెట్టాను. మామయ్యకు చూపించాను కూడా. "చదువుకున్నోడివి, నీకు తెలీదా" అన్నాడు.

పొద్దున తొమ్మిదింటికి, సముద్రపు పోటు తగ్గి నీరు తీస్తున్న వేళ, మనిషి జాడ లేని ఒక మలుపు తిరిగాం.

"ఎంతరా?" అని వెనక నుంచి అరిచాడు మామయ్య.

"ఒకటీ పాయింట్ ఒకటి!" అని అరిచాను.

వెనక నుంచి వీస్తున్న గాలికి ఆయన దాకా 'ఒకటి' మాత్రమే చేరింది. ఒక నిలువు నీళ్ళుంటే మా పడవ నిక్షేపంగా పోతుంది. "పోనియ్యి" అన్నాడు అత్తయ్యతో. ఆవిడ పోనిచ్చింది. పడవ కొంతదూరం పోయి కూర్చుంది. చప్పుడు కూడా కాలేదు. పొయ్యి మీద గిన్నె ఒలకలేదు.

మామయ్య తెరచాప దింపాడు. లంగరు ఎత్తి నెమ్మదిగా నీళ్ళలోకి జార్చాడు. "లంగరేశాం" అన్నాడు. ఎవరూ అడగలేదు.

రెండేళ్ళ కిందట ఆయన ఒకసారి పడవను ఇసుక మీద కూర్చోబెట్టాడు. ఇంకోసారి కూర్చోబెడితే సరంగు లైసెన్సు తీసేస్తామని రేవు కార్యాలయం వాళ్ళు రాతపూర్వకంగా చెప్పారు. ఆ కాగితం చదివి వినిపించింది నేనే. మామయ్యకు సంతకం చేయడం వచ్చు, చదవడం రాదు. పడవ నడపడం తప్ప ఇంకో పనీ రాదు.

మధ్యాహ్నానికి నీరు మోకాళ్ళ దాకా దిగింది. లంగరు బురద మీద బోర్లా పడుకుని పూర్తిగా కనిపించింది. అప్పుడు ఒక చేపలాయన భుజాన వల వేసుకుని నది మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చాడు.

"ఏం సరంగుగారూ, ఆగారు?"

"లంగరేశాం."

ఆయన లంగరును చూశాడు, పడవను చూశాడు. "మంచి పని చేశారు. లేకపోతే పడవ లేచి నడిచి వెళ్ళిపోయేది!"

"నీ దారిన నువ్వు పోవయ్యా."

"దారా? నదిలో నడుస్తున్నాను బాబూ నేను" అంటూ వెళ్ళిపోయాడు. అత్తయ్య మొహం తిప్పుకుని గిన్నెలు గట్టిగా తోమింది.

దారిలో ఆగిన పడవ కదిలేలోపు, ఎందుకాగిందో పుస్తకంలో రాసి తీరాలి. నిబంధన అది. నాలుగింటికి పడవ లేచేంత నీరు మళ్ళీ ఎక్కుతుంది. మూడింటికి నేను పుస్తకం తెరిచాను.

"కారణం దగ్గర విశ్రాంతి అని రాయి" అన్నాడు మామయ్య.

"పొద్దున తొమ్మిదింటికా?"

"మనుషులం కాదా? అలిసిపోమా?"

"లోతు అనే గడి కూడా ఉంది మామయ్యా. ఇంత తక్కువ లోతులో ఎవరూ విశ్రాంతి తీసుకోరు. తప్పు నాది. నేను మీటర్లు చెప్పాను. అదే రాస్తాను."

ఆయనకు కోపం వచ్చింది. "రేపు ఏ ఆఫీసువాడైనా నీకు ఉద్యోగమిస్తాడా? డిగ్రీ చదివి లోతు చెప్పలేకపోయాడంటారు. సరంగు నిద్రపోయాడని రాయి."

"అప్పుడు లైసెన్సు పోతుంది కదా!"

"నాది పోతే పోయింది. నీది ఇంకా మొదలే కాలేదు కదరా."

"తప్పు నాదంటే నాదని ఇద్దరూ కొట్టుకు చస్తున్నారు" అంది అత్తయ్య. "చుక్కాని పట్టింది నేను. నన్నొక్కరూ అడగరేం?"

మేము అడగలేదు. పడవ కింద నీళ్ళు గలగలమన్నాయి. నేను రాసి, రాసింది రాసినట్టే చదివాను: "లోతు చూచువాడు మీటర్లలో చెప్పెను. సరంగు నిలువులలో వినెను. పడవ కూర్చొనెను. తరువాత లంగరు వేయబడెను."

చదవడం రాని మనిషికి ఏం చదివి వినిపించినా చెల్లుతుంది. అందుకే ఒక్క అక్షరం మార్చలేదు. మామయ్య పుస్తకాన్ని తన వైపు తిప్పుకున్నాడు.

"తరవాత అనే మాట అవసరమా?" అన్నాడు.

"అవసరమే."

సంతకం చేశాడు. నాలుగుంపావుకు పడవ లేచింది.

నెల తిరిగేసరికి రేవు కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. చదివి వినిపించాను. లైసెన్సు ఉంచారు. లోతు చూచువాణ్ణి మందలించారు. ఇకమీదట పడవలో ఒకే కొలత వాడాలన్నారు. సరంగుగారి నిలువు ఎన్ని మీటర్లో కొలిచి వారంలోగా తెలపాలన్నారు.

మామయ్యను తెరచాప కొయ్యకు ఆనించి నిలబెట్టి టేపు పట్టాను.

"ఆరడుగులని రాసెయ్" అన్నాడు.

"ముందు మడమలు దించు" అంది అత్తయ్య.

దించాడు.

"ఒకటీ పాయింట్ ఐదు ఎనిమిది" అన్నాను.

"గట్టిగా చెప్పరా" అన్నాడు మామయ్య. "పాయింటు తరవాతది మరీ గట్టిగా."