నేనే వచ్చిన దారి

...కాబట్టి పెన్సిల్ బ్యాటరీలు వేసుకునేదే నయం. చార్జింగ్ అయిపోతే కొండ మీద ప్లగ్గు ఎక్కడుంటుంది? బ్యాటరీలైతే సంచిలో నాలుగు అదనంగా పడుంటాయి. వార్డులో బీపీ మిషన్‌కి వేసేవీ అవే. ఏ రకం ఎన్నాళ్లకి చీము కారుస్తుందో ఈ కొట్లో అందరికంటే నాకే బాగా తెలుసు. ఒక్క విషయమైనా నాకు బాగా తెలుసని అనుకోవడం ఈ మధ్య హాయిగా ఉంటోంది. ఆ హాయిని కూడా అనుమానిస్తాను, అది వేరే సంగతి.

గాజు బల్ల మీద జిలాని దారి గుర్తుపెట్టే జీపీఎస్ పరికరాలు మూడు పెట్టాడు. రుస్తాఖ్ అనే ఈ అరబ్బు ఊళ్లో, కోట దగ్గరి బజార్లో గుడారాలూ తాళ్లూ బొగ్గుపొయ్యిలూ అమ్మే కొట్టు అది. జిలానిది రాయచోటి. పోయిన ఏడాది వేలు కోసుకుని మా ఆస్పత్రికి వస్తే కట్టు కట్టింది నేనే. అప్పటినుంచి నన్ను సిస్టరక్కా అంటాడు.

"సూడు సిస్టరక్కా. ఇది టచ్చుది. రంగుల మ్యాపంతా వస్తాది. నూటా ఇరవై రియాళ్లు. ఇది బటన్లది, పాత మోడలు, పెన్సిల్ బ్యాటరీలు. మ్యాపు గీపు ఏమీ ఉండదు, నువ్వు నడిసిన గీత ఒక్కటే పడతాది. నలభై ఎనిమిది."

"చెమట పట్టిన వేలికి టచ్ పనిచేస్తుందా?"

"ఫోను పనిచేస్తాదా? ఇదీ అంతే."

మూడోది పద్దెనిమిది రియాళ్లు. చిన్న నల్లటి డబ్బీ, వెనక పట్టీ దూర్చే కొక్కెం. దీని ఫొటోనే నిన్న ప్రసాద్ బాబు అన్న నాకు పంపాడు. "ఇదే తీసుకో సిస్టర్, చవక, సేఫ్" అని కింద రాశాడు. ఫొటో చూపిస్తే జిలాని పళ్లు బయటపెట్టాడు.

"దీంట్లో సిమ్ము ఏస్తారక్కా. యాడుండాదో ఓనరు ఫోన్లో సూపిస్తాది. ఎడారిలో ఒంటెలు మేపే బదూలు వచ్చి కొంటారు, ఒంటె మెడకి కడతారు. మేకకి కట్టినోడు కూడా ఉండాడు. మనిషికని అడిగింది నువ్వే ఫస్టు."

"దీనికి స్క్రీన్ ఏది?"

"ఒంటెకి స్క్రీన్ ఎందుకు సిస్టరక్కా?"

నవ్వాను. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

ప్రసాద్ బాబు అన్న ఉండేది రాజధానిలో, దార్సైట్‌లో. ఒక కంపెనీలో ఆఫీసరు. శుక్రవారం ఉదయం ఆయన ఫ్లాట్‌లోనే మా తెలుగువాళ్ల ప్రార్థన కూటం. చలికాలం వస్తే అందరినీ వాదీకి, అంటే కొండల మధ్య వాగు లోయకి, పిక్నిక్ తీసుకెళ్తాడు. పద్ధతి ఎప్పుడూ ఒకటే. మగవాళ్లు కొండ ఎక్కుతారు. ఆడవాళ్లు నీటి మడుగు దగ్గర ఉండి చేపలు వేయించాలి, బిర్యానీ పొట్లాలు పంచాలి. నేను వార్డులో ఇరవై మంచాలు చూసుకునే మనిషిని, వయసు నలభై మూడు. రెండు నెలల కిందట ఆ మడుగు దగ్గర చేప తిరగేస్తూ ఉంటే, ఎదురుగా ఉన్న కొండ మలుపు వెనక ఏముందో చూడాలనిపించింది. అంతకు మించి కారణం లేదు. ఉందేమోనని చాలాసార్లు వెదుక్కున్నాను. నీళ్ల సీసా తీసుకుని వెళ్లాను.

మూడో మలుపు తర్వాత దారి లేదు. భయం ముందు చెవుల్లోకి వస్తుందని ఆ రోజు తెలిసింది. లోకమంతా నిశ్శబ్దమై నా నెత్తురు నాకే వినిపించింది. ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. అప్పుడు ఇంకో చప్పుడు విన్నాను. కొండ వాలు వెంబడి జానెడు వెడల్పు కాలువ, ఫలజ్ అంటారు ఇక్కడ. ఎవరి ఖర్జూరపు తోటకో నీళ్లు పోతున్నాయి. తోట ఉంటే మనుషులుంటారు. కాలువ గట్టు పట్టుకుని రెండు గంటలు నడిచి ఊళ్లోకి దిగాను. అజీజా అనే ముసలావిడ తన గోడ నీడన కూర్చోబెట్టి ఖర్జూరాలు పెట్టి, చిన్న కప్పులో ఖహ్వా కాఫీ పోసింది. బూట్లు విప్పుకుని రెండో కప్పు తాగుతుంటే దుమ్ము లేపుకుంటూ కారొచ్చింది. ప్రసాద్ బాబు అన్న తలుపు తీయకముందే, కిటికీలోంచే అరిచాడు. "దొరికింది! స్తోత్రం!"

దొరకడం అన్నమాట.

ఆయన పిక్నిక్‌లో మనుషుల్ని లెక్కపెట్టే తీరు ఒకటి ఉంది. మనిషికో పొట్లం తెస్తాడు. పొట్లాలన్నీ అయిపోతే అందరూ ఉన్నట్టే. నా గదిలో ఉండే జెన్నిఫర్ నా పొట్లాన్ని కీబోర్డు వాయించే ప్రేమ్ సాగర్‌కి ఇచ్చేసింది, రెండోది అడిగాడని. పొట్లం మిగల్లేదు, కాబట్టి నేను తప్పిపోలేదు. తిరిగి బయల్దేరేటప్పుడు వ్యానులో సీటు ఖాళీగా కనిపించేదాకా అంతే. కొండ మీద లేని సిగ్నల్ ఊళ్లో ఉంది కాబట్టి, అప్పుడు జెన్నిఫర్ ఫోన్ చేస్తే ఎక్కడున్నానో నేనే చెప్పాను.

ఆ మరుసటి శుక్రవారం కూటంలో ఆయన సాక్ష్యం చెప్పాడు, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకోవడం అది. సువార్తలోని కాపరిలా తొంభై తొమ్మిది గొర్రెల్ని విడిచి తప్పిపోయిన ఒక్కదాని కోసం ఎలా వెళ్లాడో, లోయ ఎంత చీకటిగా ఉందో, నేను ఎలా ఏడుస్తున్నానో చెప్పాడు. నలభై మంది హల్లెలూయా అన్నారు. నేను ఆమెన్ అన్నాను.

గుచ్చుకునేది అదే. ఆయన మాట కాదు, నా ఆమెన్. ఎందుకన్నాను? అందరూ నా వైపు ప్రేమగా చూస్తున్నారు కాబట్టి. ప్రేమ ముందు నిజం చెప్పడం మొరటుగా అనిపిస్తుంది. రెండోసారి చెప్పాడు, మూడోసారి చెప్పాడు. ఇప్పుడు ఆ రోజును తలుచుకుంటే నేనేదో బండ కింద ఏడుస్తున్నట్టు, ఎవరిదో చెయ్యి కిందికి వస్తున్నట్టు కనిపిస్తోంది. కాలువ మసకబారుతోంది. జ్వరంలో ఏమేం మాట్లాడారో బంధువులు చెబితే, రోగులు అదంతా తమకే గుర్తున్నట్టు తిరిగి చెప్పడం చాలాసార్లు చూశాను. నాకూ అదే జబ్బు పట్టుకుంది. మా వార్డులో ఒక మాట ఉంది, చార్టులో రాయనిది చేయనట్టే. నా రెండు గంటల నడకను ఏ చార్టులోనూ రాయలేదు.

నాకిప్పుడు మా కూటం ఫోన్ గ్రూపులో పేరు గొర్రెపిల్ల. నేను గుడ్ మార్నింగ్ పెడితే ప్రేమ్ సాగర్ మే మే అని వాయిస్ పంపుతాడు. నా పొట్లం తిన్నవాడు.

ఫోన్ మోగింది. ప్రసాద్ బాబు అన్న.

"వందనాలు సామ్రాజ్యం సిస్టర్. అరగంట నుంచి ఆ బజార్లోనే ఉన్నావు. కొన్నావా మరి?"

ఆయన ఫోన్ మ్యాపులో నా చుక్క. ఆ రోజు కారులో నా ఫోన్ తీసుకుని ఆయనే పెట్టాడు, నేనెక్కడున్నానో ఆయనకు ఎప్పుడూ కనిపించేటట్టు.

"చూస్తున్నానన్నా."

"చూసేదేముందమ్మా? ఫొటో పంపా కదా. రేపు మీటింగ్‌కి పట్టుకొచ్చేయ్, నేను సిమ్ వేసి నా ఫోన్‌కి కలుపుతా. ఇంకోటి, రేపు సాక్ష్యం నువ్వే చెప్పాలి. ఎన్నాళ్లు నేను చెప్పను? తప్పిపోయిన గొర్రె తన నోటితో చెబితే ఆ బలమే వేరు."

"అన్నా, నేను దొరకలేదు. నేనే వచ్చాను. కాలువ పట్టుకుని వచ్చాను."

అవతల మెత్తటి నవ్వు. "ఆ కాలువ నీకు చూపించిందెవరు? అదే చెప్పు. అదేగా సాక్ష్యం!"

నేను ఏం చెప్పినా ఆయన సంచిలో చోటుంది. కాలువ చూపించినవాణ్ణి నేనూ నమ్ముతాను. ఆ దేవుడు ప్రసాద్ బాబు కారులో మాత్రం రాలేదు.

"అన్నా, మీరు నన్ను వెదకడానికి ఎన్నింటికి బయల్దేరారు?"

"అదిప్పుడు ఎందుకు?"

"నా పొట్లం ప్రేమ్ సాగర్ తిన్నాడు. పొట్లం మిగల్లేదని నేనూ తిన్నాననుకున్నారు. నేను మొదటి కప్పు ఖహ్వా తాగేటప్పటికి మీరింకా గిన్నెలు కడిగిస్తున్నారట, జెన్నిఫర్ చెప్పింది."

ఆయనకి ప్రార్థనలో వాడే గొంతు వచ్చింది. "సిస్టర్, నీ మాటల్లో గర్వం వినిపిస్తోంది."

"వినిపించిందా అన్నా?"

"ప్రార్థనలో పెడతాను" అని పెట్టేశాడు.

గర్వం. నాలుక మీద పెట్టుకుని చూశాను. ఉంది, నిజమే. చిన్నప్పటినుంచి ఆ మాట వింటే మోకాళ్లు వాటంతటవే వంగేవి. ఇవాళ వంగలేదు. ఎందుకు వంగలేదో తర్వాత ఆలోచిస్తాను, ఆలోచిస్తే వంగుతాయేమో.

"జిలానీ, బటన్లది చూపించు."

"బయటికి రా సిస్టరక్కా. కప్పు కింద శాటిలైట్లు తగలవు."

వీధిలో నిలబడ్డాం. సాయంకాలపు నమాజుకి జనం పోతున్నారు. చిన్న తెర మీద సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే నిండాయి. "ఒక మాట. వాదీ లోపల రెండు పక్కలా కొండ గోడలుంటాయి, పైన ఆకాశం సన్నగా ఉంటాది. ఆడ ఇదీ తడబడతాది. గీత కొంచెం వంకర పోతాది. లేదని అబద్ధం చెప్పను."

వంకరైనా నాదే కదా. పరికరం పట్టుకుని మసీదు గోడ దాకా నడిచాను, తిరిగొచ్చాను. ఖాళీ తెర మీద సన్నటి నల్ల గీత. కొండ పేరు లేదు, ఊరి పేరు లేదు. వెళ్లింది, వచ్చింది. జ్వరం చార్టులో గీసే గీతలా ఉంది.

"ఇంగో లోటు ఉండాది" అన్నాడు జిలాని. "దీంట్లో నువ్వు యాడుండావో ఇంకెవురికీ తెలీదు. నీకు మాత్రమే తెలుస్తాది."

"అది లోటా?"

"ఒంటెగాళ్లకి లోటే మరి!"

రేపు శుక్రవారం. దార్సైట్ వ్యాను ఆరున్నరకి మా గేటు ముందు ఆగుతుంది. ఆ మూడో మలుపు నుంచి అజీజా గోడ దాకా ఈ గీత గీయాలంటే నేనూ ఆరున్నరకే బయల్దేరాలి. ఎటు వెళ్తున్నానో, ఎన్నింటికి వస్తానో కాగితం మీద రాసి జెన్నిఫర్ చేతికిస్తాను. ఒకరికి చెప్పి వెళ్లడం వేరు, ఒకరు చూస్తూ ఉండగా వెళ్లడం వేరు. ఈ తేడా కనిపెట్టడానికి నాకు నలభై మూడేళ్లు పట్టింది.

"ఇది ఇచ్చెయ్" అన్నాను. జిలాని బిల్లు రాయడానికి లోపలికి పోయాడు.

ఫోన్ తీశాను. మ్యాపులో నా చుక్క ఉంది, కోట పక్కన, నీలంగా, నాడిలా కొట్టుకుంటూ. కింద రాసి ఉంది: ప్రసాద్ బాబు అన్నతో లొకేషన్ పంచుకుంటున్నారు, మీరు ఆపేదాకా. దాని కింద ఒక మాట. వేలు పెట్టాను. పలకలేదు. చెమట.

వేలిని చున్నీకి తుడుచుకున్నాను. 'ఆపు' మీద నొక్కాను.