టెక్కలి నీళ్ళ మనిషి

మా బావకి నా కిడ్నీ ఒకటి ఇస్తాను మహాప్రభో అంటే, ఆయన నన్ను నేపాల్ తీసుకెళ్ళి పిట్టల్ని చూపించాడు. ఇలాంటి మొగుడు ఇంకెవరికైనా ఉన్నాడేమో నాకు తెలియదు. ఉంటే ఆ ఇల్లాలు ఒకసారి వచ్చి నాతో మాట్లాడాలి.

బావ అంటే మా మేనమామ కొడుకు గణపతిరావు, నా భర్త. అక్కుపల్లి దగ్గర కొబ్బరితోట, పలాసలో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉన్నాయి. పెళ్ళికి ముందు ఏటా చలికాలంలో టెక్కలి వచ్చి మా ఇంట్లో దిగేవాడు. నా కోసమేనని మా వీధి వీధంతా అనుకుంది, నేనూ అనుకున్నాను. తీరా చూస్తే పక్క ఊరు తేలినీలాపురంలో చింతచెట్ల మీద వాలే గూడబాతుల కోసం. అవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెప్తే, కాదని మా బావ వాదించేవాడు. మంచుకొండలు దాటి వచ్చే బాతులు వేరే ఉన్నాయని, ఎప్పటికైనా నేపాల్లో కోసీ నది ఒడ్డున వాటిని చూడాలని పెళ్ళిపీటల మీద కూడా చెప్పాడు. పంతులుగారు మంత్రం ఆపి మరీ విసుక్కున్నారు.

మా అక్కుపల్లి ఉన్న ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పేదేముంది. తోటలో పనిచేసిన గున్నయ్య పోయాడు, మా మావ పోయాడు, పక్కింటి నీలకంఠం మంచం మీదున్నాడు. నీళ్ళ వల్లే అంటారు. ఎవరెవరో వచ్చి నెత్తురు తీసుకెళ్తారు, నూతి నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్తారు, ఏదీ తేల్చరు. బావకీ అదే బయటపడినప్పుడు నేను ఏడవలేదు. ఏడవడానికేముంది, నా దగ్గర రెండున్నాయి. పైగా నేను టెక్కలి దాన్ని. ఉద్దానం కోడళ్ళలో మాలాంటి పై ఊరి వాళ్ళకి లోపల ఒక పొగరుంటుంది, మేము ఈ నీళ్ళు తాగి పెరగలేదని.

"మీ ఊరిది పాడైతే మా ఊరిది ఏయించుకో బావా. టెక్కలి సరుకు, గట్టిగా ఉంటాది" అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి, ఈ మనిషి బతుకుతాడు అని గట్టిగా అనుకున్నాను.

విశాఖపట్నంలో పెద్దాసుపత్రిలో నాకు టెస్టులన్నీ చేశారు. రిపోర్టులకి బావ, మా తమ్ముడు ఉమాశంకర్ వెళ్ళారు. తిరిగొచ్చి ఆపరేషనుకి తొందర లేదన్నారు.

"ఈలోగా నేపాల్ ఎల్లొద్దాం వేణీ" అన్నాడు బావ.

"మతిపోయిందేటి నీకు? కాళ్ళు సూసుకో ఎలా పొంగున్నాయో. ముందు ఆపరేషను, తరవాత పిట్టలు."

"తరవాత ఎల్లనిస్తారో లేదో. ఇప్పుడే ఎల్దాం."

మా ప్రవల్లిక కూడా ఆయన పక్షమే. పలాసలో డిగ్రీ చదువుతోంది, తండ్రి ఏమంటే అదే దానికి వేదం. "నాన్న కోరిక కదమ్మా, వెళ్ళి రండి. నీది కుదరకపోతే నాది ఉందిగా" అంది. నేను బతికుండగా నీదెందుకే అని కసిరి, పెట్టె సర్దాను.

అది 2006 డిసెంబరు. పలాసలో రైలెక్కి హౌరా, అక్కడి నుంచి న్యూ జల్పాయిగురి, ఆపైన సరిహద్దు దాటి బస్సు. ఒంట్లో ఎముకలన్నీ దేనికది విడిపోయినట్టయింది. కోసీ దగ్గర మంచు ఎలా ఉందంటే, నది ఉందని గైడు చెప్తే నమ్మాలి. పొద్దెక్కాక ఆ తెలుపు పలచబడింది. ఇసుక మేటలు, వాటి మధ్య నీళ్ళు, నీళ్ళ మీద లెక్కపెట్టలేనన్ని బాతులు కనబడ్డాయి. తల మీద రెండేసి నల్లచారలు. బావ బైనాక్యులర్స్ ఎత్తి చూస్తున్నాడు. ఆయన గడ్డం వణుకుతోంది. అన్నేళ్ళ కాపురంలో ఆయన మొహం అలా ఎప్పుడూ చూడలేదు. నాకు సంతోషమేసింది, ఆ వెంటనే ఒళ్ళుమండింది కూడా. ఇంత చక్కటి కళ్ళతో ఇంకో ఇరవై ఏళ్ళు చూడాల్సిన మనిషి, ఆసుపత్రి మాటెత్తితే ఎందుకు తప్పించుకుంటాడు?

బైనాక్యులర్స్ నా చేతికిచ్చి "నువ్వు సూడు ముందు" అన్నాడు. ఆ ప్రయాణంలో అన్నీ అంతే. కిటికీ సీటు నాకే, రగ్గు నాకే, ఏనుగెక్కితే మెత్తటి వైపు నాకే. ఉప్పులేని కూర మాత్రం ఇద్దరికీ. తన పత్యం నాకెందుకంటే, తోడు తినమన్నాడు. సరే, తిన్నాను. కానీ కోసీ ఒడ్డున ఒళ్ళునొప్పులకి మాత్ర వేసుకోబోతే, అట్ట మొత్తం లాక్కుని నీళ్ళలోకి విసిరేశాడు.

"ఏటి సేత్తన్నావు? నా నొప్పులు నీకేటి తెలుసు?"

"ఆ మాత్రలు మంచివి కావు. ఓర్చుకో."

పూటంతా ఆయనతో మాట్లాడలేదు. నేనేమో నా ఒంట్లోంచి ఒక ముక్క కోసిస్తానంటుంటే, ఈయన నాకు నొప్పి మాత్ర కూడా దక్కనివ్వడు అనుకున్నాను. నిజంగానే అసహ్యం వేసింది ఆ పూట.

కోసీ నుంచి చిత్వన్ అడవికి వెళ్ళాం. మనిషెత్తు గడ్డి, దాని వెనక సాలచెట్లు, పక్కన రాప్తీ నది. ఒంటిమాను పడవలో కూచోబెట్టి తీసుకెళ్ళారు. ఎర్రబాతులు జంటజంటగా ఒడ్డున నిలబడున్నాయి. గైడు ప్రతి పిట్టకీ పేరు చెప్తున్నాడు. బావ వినడం లేదు, నన్ను చూస్తున్నాడు. రేవులో దిగాక గైడుని ముందు నడవమని, నేను ఇసుకలో అడ్డంగా నిలబడ్డాను.

"పిట్టలయ్యాయి, అడవులయ్యాయి. ఊరెళ్ళగానే ఆపరేషను డేటు తీసుకోవాల. ఇంక సాకులు సెప్పకు."

"నీది పనికిరాదంట వేణీ."

"ఎందుకు పనికిరాదు? గ్రూపు కలిసిందన్నారు కదా."

"గ్రూపు కలిసింది."

"మరేటి?"

ఆయన నది వైపు తిరిగాడు. "నీకూ మొదలైంది" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "నాకేటి మొదలవుద్ది? నేను టెక్కలి దాన్ని."

"టెక్కలి నుంచి వచ్చి ఎన్నేళ్ళయిందే?"

ఈ మాట చాలా నెమ్మదిగా అన్నాడు. మా ప్రవల్లికకే ఇరవై నిండాయి. అన్నేళ్ళూ నేను తాగింది ఏ నీళ్ళు? నా చేత్తో తోడి, నా చేత్తో కాచి, అందరికీ పోసి నేనూ తాగాను. నా పొగరుకి ఆ లెక్క ఒక్కనాడూ తట్టలేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"రిపోర్టులకెల్లినప్పుడే. ఉమాశంకర్‌కి తెలుసు. ఎవరికీ సెప్పొద్దన్నాను."

"నాకూ సెప్పకూడదా?"

"నాకు తెలిసిన కాడ్నుంచి ఒక్క ముద్ద మామూలుగా మింగలేదు వేణీ. నీకైనా కొన్నాళ్ళు తెలీకుండా ఉంటే బాగుండుననిపించింది. ఇంటికాడుంటే నీ నోటికి దాచలేను. అందుకే ఇంత దూరం తెచ్చాను."

తిడదామని నోరు తెరిచాను. అంతలోనే నాకు భయం వేసింది. చచ్చిపోతానని కాదు. ఈ మనిషికి ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదని. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న ధైర్యమంతా ఆ ఒక్కటే. ఇసుకలో చతికిలబడి ఏడిచాను. ఆయన పక్కన కూచుని నా వీపు నిమురుతూ ఉండిపోయాడు. గైడు దూరం నుంచి ఏదో పిట్టని చూపించి చెయ్యి ఊపాడు, ఇద్దరం అటు చూడలేదు.

మర్నాడు పొద్దున్న బజార్లో ఫోను బూత్‌కెళ్ళాం. ప్రవల్లికకి అప్పుడే ఏమీ చెప్పకూడదని దారిలో ఇద్దరం అనుకున్నాం. బావ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను ఫోను చేశాను.

"అమ్మా, రేపు మావయ్యతో విశాఖపట్నం వెళ్తున్నాను" అంది అది. "నా రక్తం కూడా ఒకసారి చూపిస్తే మంచిదని మావయ్యే అన్నాడు. నీది సరిపోకపోతే మళ్ళీ రోజులు దండగ కదా."

నేనంటే పెళ్ళయ్యాక వచ్చాను. అది అక్కుపల్లిలోనే పుట్టింది. పాలు మరిచిన నాటి నుంచి ఆ నూతి నీళ్ళే. ఆ టెస్టు జరిగితే ఏ మాట వినాల్సి వస్తుందో, ఆ మాట వినకముందే నా చెవుల్లో పడినట్టయింది.

"ఎల్లకు" అన్నాను.

"ఎందుకు? నువ్వే కదమ్మా టెస్టులు టెస్టులని నాన్నని చంపుకు తిన్నావు?"

"ఇప్పుడవసరం లేదే."

"ఎందుకు లేదు? చెప్పమ్మా, నాన్నకేమైనా అయిందా?"

ఏదో ఒకటి చెప్పాలి. గుమ్మంలో ఉన్న బావని చూశాను. ఆయన కళ్ళకింద వాపు, మొహం నిండా అలసట.

"మీ నాన్నకి తగ్గుతోందే" అన్నాను. "ఇక్కడి నీళ్ళు పడ్డాయి. వాపు తీసింది, బాగా తింటన్నాడు. ఇక్కడ డాక్టరు కూడా సూశాడు, ఆపరేషనే అక్కర్లేదంటన్నాడు."

అటు నుంచి ఏడుపు వినబడింది, దాని మధ్యలోనే నవ్వు.

"నిజమా అమ్మా?"

"నిజమే."

"అయితే అప్పుడే రాకండి" అంది నా కూతురు. "ఇంకో నెల అక్కడే ఉండండి. ఆ నీళ్ళు నువ్వు కూడా బాగా తాగు."

అలాగేనే అన్నాను.