నొప్పి లేదన్న హవల్దారు

వేప్పనపల్లి మాజీ హవల్దారు వెంకటేశులుకు కుడి మోకాలు సరిగా వంగదన్న సంగతి ఆయన మేకలకు తెలుసు, భార్య అంగాళమ్మకు తెలుసు; తెలియనిది సైన్యానికి మాత్రమే. మంచుకొండల్లో గస్తీ తిరుగుతూ జారిపడి తెచ్చుకున్న గాయమది. అయినా వైకల్య పింఛను అర్జీ తిరస్కృతమై తిరిగి వచ్చింది. కృష్ణగిరిలో మాజీ సైనికుల తరఫున వాదించే వకీలు నళిని కారణం చదివి వినిపించింది: ఊతం లేకుండా నడుస్తున్నాడు, నొప్పి లేదని తానే చెప్పాడు. ఆ మాటలో అబద్ధం లేదు, న్యాయమూ లేదు.

పెద్దల ఎదుటికి చేతికర్రతో వెళ్లడం ఆయన పుట్టిపెరిగిన మేకలకాపరుల ఇళ్లలో మర్యాద కాదు. అందుకని పింఛను కోసం పరీక్షకు పిలిచిన రోజున వెంకటేశులు కర్రను వైద్య బోర్డు గది బయటే గోడకు ఆనించి, పళ్లు బిగబట్టి, కవాతు చేస్తున్నట్టు లోపలికి నడిచాడు. నొప్పి ఉందా అని అధికారి అడిగితే లేదు సార్ అన్నాడు. కొలువంతా అధికారులకు ఆయన మరో జవాబు ఇచ్చి ఎరుగడు.

నళిని అప్పీలు వేయగా, మరో బోర్డు ముందు హాజరు కమ్మని పిలుపు వచ్చింది. ఇదీ పోతే ట్రిబ్యునలు మెట్లెక్కాలని, ఆ కాలికి అన్నన్ని మెట్లు మంచివి కావని ఆమె హెచ్చరించింది.

అంగాళమ్మ మామిడితోటలో శిక్షణ మొదలుపెట్టింది. ఆమె గట్టుమీద అధికారిలా కూర్చుని నొప్పుందా అనడం, ఆయన చటుక్కున నిటారై లేదనడం. మొన్నొక పెళ్లిలో నేలమీద పంక్తిన కూర్చోలేక ఆకలి లేదని బొంకి, ఇంటికొచ్చి చద్దన్నం తిన్న వైనం కూడా ఎత్తిపొడిచింది. ఫలితం లేకపోయింది. చివరికి విసిగి అడిగింది.

"ఏమయ్యా, ఆడ బార్డర్లో పదిమంది వస్తా ఉంటే, ఇద్దరే వస్తా ఉండారని ఎప్పుడన్నా రిపోర్టు ఇచ్చినావా?"

"అట్లెట్లా ఇస్తానే? ఉన్నది ఉన్నట్టే ఇచ్చినాను."

"మరి మోకాలికి మాత్రం దొంగ రిపోర్టు యాల?"

వెంకటేశులు కర్ర అందుకుని మేకలను దొడ్డికి తోలుకుపోయాడు. దొంగ అన్న మాట మోకాలి నొప్పికన్నా లోతుగా దిగింది.

పిలుపు వచ్చిన రోజున హోసూరు మీదుగా బస్సులో సైనిక ఆసుపత్రికి చేరారు. గది ముందు కర్ర అలవాటుగా గోడవైపు పోబోయింది. అంగాళమ్మ ఆ కర్రవైపు చూసింది. ఆయన కర్రతోనే లోపలికి వెళ్లాడు.

నొప్పి ఎలా ఉందని కల్నల్ హోదాలో ఉన్న వైద్యురాలు అడిగింది. వెంకటేశులు నిటారుగా నిలిచి, గస్తీ నివేదిక చెప్పే గొంతుతో మొదలుపెట్టాడు. మోకాలు సగం దాకానే వంగుతుంది. మెట్లు పక్కవాటంగా దిగాలి. నేలమీద కూర్చుంటే లేవడానికి భార్య భుజం కావాలి. వానాకాలం నిద్ర ఉండదు. పెళ్లి పంక్తినీ చద్దన్నాన్నీ కూడా వదలలేదు.

వైద్యురాలు నవ్వు ఆపుకుంటూ మోకాలు వంచి, కొలిచి చూసింది. పాత నివేదికను పక్కకు నెట్టి, ఊతం లేకుండా నడవలేడని పైకి చదువుతూ కొత్తది రాయసాగింది. రాయవలసింది చాలా ఉంది, కూర్చోమంది.

అధికారి ఎదుట కూర్చోవడం ఆయన ఎరుగడు. పరవాలేదు మేడమ్ అనబోయి, అదీ దొంగ రిపోర్టే అవుతుందని తోచి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.