గోలీ మార్చమన్నాడు

నేను ఒక ఫ్యానును. ఏ హీరోకని అడగకండి. మూడు రెక్కలు, ఒక మోటారు, నెత్తిన ఒక కొక్కెం ఉన్న ఫ్యానును. నా దగ్గర అభిమానం లేదు, గాలి ఉంది. నా కింద కూర్చునే ఫ్యాన్ల దగ్గర రెండూ ఉన్నాయి. ఏది ఎక్కువో మీరే తేల్చుకోండి.

ఎక్కువ మాట్లాడే అలవాటు నాకు లేదు. మనుషులను తొందరగా నమ్మే అలవాటు అసలే లేదు. అది పుట్టుకతో వచ్చింది. నన్ను ఎక్కడ పోత పోశారో గుర్తు లేదు, ఆ వేడి ఒక్కటే గుర్తుంది. రెక్కలు బిగించినవాడు ఒక్కో రెక్కనూ తూచి పక్కన పెట్టాడు. ఇంకొకడు వచ్చి మళ్లీ తూచాడు. తూచింది నన్నే గాని, అనుమానం మాత్రం ఒకరిమీద ఒకరికి.

మొదట నన్ను కంటోన్మెంటులో ఒక క్లబ్బు కప్పుకు వేలాడదీశారు. కింద పేకాట. నలుగురు మనుషులు, ఎనిమిది కళ్లు, ఎవరి ముక్కలు వాళ్లే చూసుకోవాలన్న నియమం. పైనుంచి నాకు అందరి ముక్కలూ కనబడేవి. తరువాత పెళ్లిళ్ల హాలుకు వెళ్లాను. అక్కడ మొగపెళ్లివారు ఆడపెళ్లివారి లడ్డూను వేలితో నొక్కి చూసేవారు. ఇన్నేళ్లలో ఒకటి తెలుసుకున్నాను. తలెత్తి నన్ను చూసేవాళ్లు రెండే రకాలు. కరెంటు పోయినవాళ్లు, అనుమానం వచ్చినవాళ్లు.

హాలు పడగొట్టినప్పుడు నన్ను సామెల్ కొనుక్కుపోయాడు. బొల్లారంలో ఫుట్‌బాల్ మైదానం పక్కన అతనిది చాయ్ హోటల్. ఒకప్పుడు సామెల్ ఆ మైదానంలో గోలీ. గోల్ కాచేవాణ్ణి ఆ బస్తీలో గోలీ అనే అంటారు. మోకాలు విరిగాక ఆట మానేసి పొయ్యి దగ్గర నిలబడ్డాడు. తన చెల్లెలు సారమ్మ కొడుకు రూబేనును పక్కన నిలబెట్టుకుని, బంతి ఎలా పట్టాలో, పట్టాక ఎలా వదలకూడదో నేర్పాడు. ఆ రూబేనే ఇప్పుడు దేశం జట్టుకు గోలీ. చిన్నప్పుడు వాడు వేసుకున్న చేతి తొడుగులు హోటల్లో మేకుకు వేలాడుతుంటాయి. సామెల్ వాటిని రోజూ తుడుస్తాడు. ఎవరైనా చూస్తే మాత్రం గోడ తుడుస్తున్నట్టు నటిస్తాడు.

బేరింగులు అరిగి నేను తిరిగినప్పుడల్లా టకటకమని మోత. ఆ మోత కింద ఎవరి గుట్టు వాళ్లు మాట్లాడుకోవచ్చు, పక్క బల్లకు వినబడదు. హోటల్‌కు నేను చేసిన అసలు ఉపకారం గాలి కాదు, ఆ చప్పుడు. అది ఎవరికీ తెలియదు.

ఆసియా దేశాల పోటీలు వచ్చాయి. మొదటి అంచెలో మన జట్టుకు మూడు ఆటలు. మొదటి ఆట రోజున హోటల్ కిక్కిరిసింది. ముందు బల్ల నర్సింగ్‌ది. ఒకప్పుడు ఫ్యాక్టరీ జట్టుకు ఆడాడు, రిటైరై ఇప్పుడు అందరి ఆటా ఆడుతున్నాడు. పక్కన పంక్చర్ షాపు ఖాజా.

ఆ రోజు మనవాళ్లు రెండు గోల్స్‌తో ఓడిపోయారు. టీవీ ఆగింది, హోటల్ మొదలైంది.

"ముందట ఆడేటోళ్లు బంతిని చూసి సలాం కొడ్తుండ్రు, తన్నుతలేరు," అన్నాడు ఖాజా.

"ఆళ్లను అనకు. కోచ్ చెప్పిండు, ఎనుకకు ఆడమని. ఎవలు చెప్పమంటే చెప్పిండు? గది అడుగు," అన్నాడు నర్సింగ్.

"ఎవలు చెప్పమన్నరన్నా?"

"తెలిస్తే నేనిక్కడ చాయ్ తాగుతనా?"

నర్సింగ్ పద్ధతి అదే. తెలియకపోవడమే అతనికి రుజువు. రెఫరీ చూపు బాగాలేదన్నాడు. పచ్చిక తడిపింది ఎవరో కావాలనే అన్నాడు. ఇక అనుమానించడానికి ఎవరూ మిగలక తలెత్తాడు. నన్ను చూశాడు.

"ఖాజా, యాది జేస్కో. మొదటి సగంల కరెంటు పోయింది. టీవీ ఇన్వర్టర్ మీద నడ్సింది, ఫ్యాన్ బందయింది. అప్పుడు మనోళ్లు ఎట్ల ఆడిండ్రు?"

"మస్తు ఆడిండ్రు."

"కరెంటొచ్చింది, గిది తిరిగింది. ఎంటనే గోల్!"

హోటల్ మొత్తం తలలు ఎత్తింది. అంతమంది నన్ను ఒకేసారి చూడడం అదే మొదటిసారి. గౌరవం కాదని వెంటనే తెలిసింది.

రెండో ఆట రోజున నన్ను ఆపేశారు. ఎండాకాలం సాయంత్రం, రేకుల కప్పు. చెమట కారుతుంటే అట్టముక్కలతో విసురుకున్నారు. అట్టముక్క తిప్పితే నష్టం లేదట, నేను తిరిగితేనే దేశానికి అరిష్టమట.

ఆ రోజు సామెల్ మనసు టీవీ మీద లేదు. ముందురోజు సారమ్మ ఇంట్లో తల తిరిగి పడిపోయింది. బీపీ. దవాఖానలో చేర్చారు. ఆ పొద్దున గిరాకీ రాకముందు నా కింద నిలబడే సామెల్ ఆమెతో ఫోన్లో మాట్లాడాడు. ఆమె ఒకటే మాట అడిగింది. "అన్నా, పోటీలు అయ్యేదాంక నా కొడుక్కి చెప్పకుర్రి. ఒట్టు." సామెల్ ఒట్టేశాడు. ఈ సంగతి తెలిసింది సామెల్‌కు, నాకు.

సగం ఆట అయింది. ఇరువైపులా గోల్ లేదు. ప్రకటనలు వస్తుంటే ఎవరో టీవీ మోత తగ్గించారు. నా మోత ఎలాగూ లేదు. ఇన్నేళ్లలో ఆ హోటల్ అంత నిశ్శబ్దంగా ఉండడం నేను ఎరగను. పొయ్యి వెనక పరదా చాటున సామెల్ డాక్టరుకు ఫోన్ చేశాడు. నా చప్పుడు ఉందనుకునే అలవాటులో, ఎప్పటిలాగే గొంతు పెంచి మాట్లాడాడు.

"సార్, ఆ గోలీ మార్చుండ్రి సార్. పాతది పనిచేస్తలేదు. చేతులు వణుకుతున్నయి. కొత్తది ఎప్పటిసంది పెడ్తరు? పిల్లగానికి మాత్రం తెల్వనియ్యకుండ్రి సార్. ఆటలైనంక నేనే చెప్త."

మందుబిళ్లనూ ఆ బస్తీలో గోలీ అనే అంటారు.

నర్సింగ్ చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. ఖాజా నోరు తెరిచాడు, నర్సింగ్ అతని మోకాలు పట్టి నొక్కాడు. సామెల్ పరదా తీసి బయటికి వచ్చాడు. అందరూ ఒక్కసారే టీవీలో సబ్బు ప్రకటనను శ్రద్ధగా చూశారు.

ఆట సమమైంది. నన్ను ఆపినందుకేనన్నారు. ఆ సంతోషం బయట మెట్ల దాకా కూడా నిలవలేదు. నర్సింగ్ గొంతు కిటికీలోంచి వినబడుతూనే ఉంది.

"సార్ అంటే ఎవలు? కోచ్ సారే! మనోని చేతులు వణుకుతున్నయంట. గా బంగారమసొంటి చేతులు! గోలీని మార్చమని సొంత మామనే చెప్పవట్టె."

"గట్లెందుకు చేస్తడే? నేర్పిందే ఆయన," అన్నాడు ఖాజా.

"నేర్పినోనికే కడుపుమంట ఎక్కువుంటది. తనకు రానిది అల్లునికొచ్చె. రోజూ ఆ చేతి తొడుగులను ఎట్ల చూస్తడో చూసినవా?"

చూడడం నేనూ చూశాను. ఇద్దరం చూసింది ఒకటే. అర్థం చేసుకున్నది వేరు.

మరునాటి నుంచి హోటల్ మారిపోయింది. సామెల్ చాయ్ తెచ్చి పెడితే మాట ఆగిపోయేది, అతను వెనుదిరగగానే మళ్లీ మొదలయ్యేది. ఒకడు చాయ్‌లో చక్కెర తక్కువైందని గ్లాసు తోసేశాడు. సామెల్ ఇంకో గ్లాసు పెట్టాడు. అతని ముఖంలో నిద్ర లేదు. దవాఖానలో కూర్చుని వస్తున్నాడని వాళ్లకేం తెలుసు? నిద్ర పట్టనివ్వని పాపం ఏదో ఉందనుకున్నారు.

చివరికి ఖాజా అడిగాడు. "సామెల్ భాయ్, ఒక్క మాట. ఆ దినం ఎవలకు ఫోన్ కొట్టినవ్?"

"చాయ్ సల్లారుతున్నది, తాగు."

ఒక్క మాట చెబితే తేలిపోయేది. చెప్పడానికి నోరు తెరవబోయాడు కూడా. నర్సింగ్ చేతిలో ఫోన్ చూసి ఆగిపోయాడు. ఆ హోటల్లో పొయ్యి మీద పాలు పొంగే లోపు మాట సికింద్రాబాద్ దాటుతుంది. బస్తీ పిల్లలందరి గ్రూపులో రూబేను ఉన్నాడు. తల్లి దవాఖానలో ఉందని తెలిస్తే వాడు గోల్ ముందు నిలబడి ఏం చూస్తాడు? బంతినా?

మూడో ఆట రోజు వచ్చింది. గెలిస్తే ముందుకు, లేకపోతే ఇంటికి. నర్సింగ్ తొందరగా వచ్చి సామెల్ ఎదుట నిలబడ్డాడు.

"నేనే పోరనికి మెసేజ్ పెడ్తున్న. నీ మామనే నిన్ను తీసేయిస్తున్నడు, పైలం అని."

సామెల్ చేతిలో చాయ్ వడబోసే గుడ్డ అలాగే ఉండిపోయింది. "వద్దు నర్సింగ్. ఆట అయ్యేదాంక ఆగు."

"ఎందుకాగాలె? తప్పు చేయకుంటే భయమెందుకు?"

"వాడు ఆడాలె."

"అయితే ఒప్పుకో. గోలీ మార్చమన్నవా, లేదా?"

సామెల్ మేకుకున్న తొడుగుల వైపు చూశాడు. తరువాత నేల చూశాడు.

"మార్చమన్న," అన్నాడు.

"ఎందుకన్నవ్?"

"నువ్వు అనుకున్నదే. కడుపుమంట. ఇగ చాలు కదా? ఫోన్ జేబుల పెట్టు. వాన్ని కలవరపెట్టకు."

పేకాట క్లబ్బులో ఎందరో దొంగలు తాము చేయలేదని ఒట్లు పెట్టుకోవడం విన్నాను. చేయని తప్పు చేశానని ఇంత గట్టిగా చెప్పినవాణ్ణి మాత్రం అప్పుడే చూశాను. నర్సింగ్ దాన్ని వెంటనే నమ్మాడు. జీవితంలో అతను అనుమానించకుండా నమ్మిన మాట అదొక్కటే, అది అబద్ధం.

ఫోన్ జేబులో పెట్టాడు. కోపం ఎక్కడో ఒకచోట దిగాలి కదా, నా మీద దిగింది. "నువ్వూ నీ ఫ్యానూ!" అని బల్లెక్కి ఖాజా సాయంతో నన్ను ఊడదీసి బల్ల కిందికి నెట్టాడు. ఆపితే సమం అయింది, ఊడదీస్తే గెలుస్తాం. లెక్క సరిగ్గానే ఉంది.

మూడో ఆటను నేను కాళ్ల సందుల్లోంచి చూశాను. జట్టు మైదానంలోకి వచ్చింది. గోల్ ముందు రూబేనే ఉన్నాడు.

"మార్చలేదేందే?" అన్నాడు ఖాజా.

"రెండో సగంల మారుస్తరు. సూడు," అన్నాడు నర్సింగ్.

రెండో సగంలోనూ మార్చలేదు. అవతలి వాళ్లకు పెనాల్టీ వచ్చింది. హోటల్లో కాళ్లన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. పొయ్యి దగ్గరున్న రెండు కాళ్లు మాత్రం, ఒక మోకాలు సరిగా వంగనివి, పక్కకు దూకినట్టు కదిలాయి. టీవీలో రూబేను అటే దూకాడు. బంతి పట్టాడు. వదల్లేదు.

కేకలకు రేకులు లేచిపోతాయనుకున్నాను. కాని మనవాళ్లు ఒక్క గోల్ కొట్టలేకపోయారు. చివర్లో కార్నర్ నుంచి వచ్చిన బంతి మనవాడి నెత్తికే తగిలి మన గోల్‌లోకి వెళ్లింది. పోటీలు మనకు అక్కడితో సరి.

"ఫ్యాన్ ఊడదీసినం గదా?" అన్నాడు ఖాజా దిగులుగా.

"ఊడదీసినం, బయట పడేసినమా? ఇదే రూముల ఉండె," అన్నాడు నర్సింగ్.

అప్పుడే సామెల్ ఫోన్ మోగింది. రూబేను. సామెల్ పరదా చాటుకు పోలేదు. ఫోన్‌ను బల్లమీద, అందరి మధ్య పెట్టి అందరికీ వినబడేలా నొక్కాడు.

"మామా, ఓడిపోయినం," అన్నాడు రూబేను.

"చూసిన బిడ్డా. పట్టినవ్, వదల్లే. గంతే చాలు. ఇప్పుడొక మాట చెప్త, నిమ్మళంగ విను. మీ అమ్మ దవాఖానల ఉన్నది. బీపీ ఎక్కువై చేతులు వణికినయ్. డాక్టర్ సార్‌కు చెప్పి గోలీ మార్పిచ్చిన. కొత్త గోలీ మంచిగ పడ్డది. రేపు ఇంటికి పంపుతమన్నరు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది, గందుకే దాచిన."

"వస్తున్న మామా," అని రూబేను ఫోన్ పెట్టేశాడు.

"గోలీ..." అన్నాడు ఖాజా. అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "యా అల్లా. గోలీ!"

నర్సింగ్ ఖాళీ గ్లాసు లోపలికి చూస్తూ కూర్చున్నాడు. అందులో ఏమీ లేదని నాకు తెలుసు. క్షమించమని అడుగుతాడని నేను అనుకోలేదు, అతనూ అడగలేదు. అందరూ వెళ్లాక గ్లాసు తనే తీసుకెళ్లి కడిగి బోర్లించాడు.

"చెల్లె ఇంట్ల ఫ్యాన్ ఉన్నదా?" అన్నాడు.

"కాలిపోయింది."

నర్సింగ్ బల్ల కింద నుంచి నన్ను లాగి, దుమ్ము తుడిచి, భుజాన వేసుకున్నాడు. ముసలి భుజం, నా బరువుకు ఒక పక్కకు ఒరిగింది. సామెల్ పట్టబోతే పట్టనివ్వలేదు.

ఇప్పుడు నేను సారమ్మ గదిలో ఉన్నాను. బేరింగులు మార్చారు, మోత లేదు. మోత లేని నా కింద మనుషులు మాటలు తూచి మాట్లాడతారు.

రూబేను వచ్చే రోజున సామెల్, నర్సింగ్ మంచం పక్కన కూర్చున్నారు. నర్సింగ్ చాలాసేపు గొంతు సవరించుకుని అడిగాడు.

"చెల్లె, గోలీ ఏస్కున్నవా?"

సారమ్మకు అంతా తెలుసు. నవ్వింది. "మందు గోలీ పొద్దుగాలనే ఏస్కున్న. నేను కన్న గోలీనే ఇంకా విమానం దిగలే."

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే నర్సింగ్ తలెత్తాడు. ఆ చూపు నాకు తెలుసు.

"సామెల్," అన్నాడు మెల్లగా, "విమానం ఇంకా పైననే ఉన్నదంటివి."

"అవ్."

"ఇది తిరుగుతున్నది."

ఊరంతా నన్ను అనుమానించినప్పుడు కూడా సామెల్ నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడూ అనలేదు. విరిగిన మోకాలి మీద చేయి ఆనించి లేచాడు, గోడ దాకా వెళ్లాడు. నా వైపు ఒకసారి చూసి, స్విచ్ ఆపేశాడు.

సారమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. అయినా వేయమనలేదు. నా రెక్కలు మెల్లగా ఆగాయి. ముగ్గురూ చెమటలు కక్కుతూ, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు.